పిన్ని బ్లడ్ టెస్టు

సైంటిస్టు స్టూలెక్కి గోడకి తన పేటెంటు ఫ్రేము తగిలిస్తున్నాడు. కింద పిన్ని స్టూలు పట్టుకుంది.

“ఇంతకీ ఏం కనిపెట్టావురా?”

“ఆ విషజ్వరానికి మందు పిన్నీ. జ్వరం తగ్గినవాళ్ళ రక్తంలో దొరికే యాంటీబాడీతో చేశాను.”

“నాకూ వచ్చి తగ్గిందిగా!”

అతను గోడవైపు తిరిగాడు. ఆ యాంటీబాడీ తీసింది ఆమె రక్తంలోంచే.

పిన్ని గొంతు తగ్గించింది. “అప్పుడు టెస్టుకని నా రక్తం తీసుకెళ్ళావు. ఏమొచ్చిందని అడిగితే మాట దాటేసేవాడివి. ఏదో పెద్ద రోగమేనని అప్పట్నుంచీ బిక్కుబిక్కుమంటున్నా. బాబాయికి కూడా చెప్పలేదు. దాచకురా, చెప్పెయ్యి.”

“నీకే రోగమూ లేదు పిన్నీ. ఆ రక్తం...”

“లేదా! చాలు నాన్నా, బతికించావు!”

స్టూలు వదిలేసి, రెండు చేతులూ ఎత్తి అతనికి దణ్ణం పెట్టింది.

కిందికి దిగడానికి మొహం చెల్లక, ఎప్పుడో తిన్నగా కుదిరిన ఫ్రేమునే అతనింకా సర్దుతున్నాడు.