ఎల్బియో చెప్పిందే జరిగింది

ఓట్ల లెక్కింపు మొదలైందని రేడియో చెప్పకముందే మేయర్ ఎవరో ఎల్బియో తేల్చేశాడు.

"మా పశువుల డాక్టర్ లారోసా. రాసిపెట్టుకో."

"ఆయన చేతిలో ఆవులే బతకవు. ఊరేం బతుకుతుందిరా?" అన్నాడు అడెమార్, కోటు విప్పి కుర్చీకి తగిలిస్తూ.

మెలో పట్టణంలో ఇద్దరూ ఒకే బడిలో చదివారు. ఒకే రైల్వేలో పనిచేశారు. ఒక్క ఎన్నికలో కూడా ఒకే గుర్తుకి ఓటెయ్యలేదు. అడెమార్ మనిషి ఇంజినీర్ బెంతంకూర్. పందెం మామూలే. ఓడినవాడు కిటికీ తెరిచి, గెలిచినవాడి పార్టీ పాట వీధంతా వినపడేలా పాడాలి.

ఎల్బియోకి ఇది పరువు సంగతి. ఈమధ్య ఇంట్లో అందరూ అతన్ని పసిపిల్లాడిలా చూస్తున్నారు. స్టవ్ ముట్టుకోనివ్వరు. ఒంటరిగా గడప దాటనివ్వరు. తన బుర్ర ఎంత పదునో ఇవాళ చూపించాలి.

భార్య జుల్మా మాతే ఆకు తేనీటి చెంబు, వేడినీళ్ల ఫ్లాస్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. రేడియో గొంతు కాస్త పెంచింది.

"మనం ఓటేశామా?" అనడిగాడు ఎల్బియో.

"ఎప్పుడో వేశాం."

"ఎవరికేశావ్?"

"చెప్పను. మీ ఇద్దరి నోళ్లకీ భయపడే కదా రహస్య ఓటింగ్ పెట్టారు."

అడెమార్ జేబులోంచి చిన్న సీసా తీశాడు. ఎల్బియో కళ్లు చిట్లించాడు.

"ఎన్నికల రోజు మందు అమ్మరు కదరా. నీకెక్కడ దొరికింది?"

"నీ ఒక్కడికేనా ముందుచూపు? మా ఇంజినీర్ గెలుస్తాడని ముందే కొన్నా."

"అయితే ఏడ్చుకుంటూ తాగుదువుగాని. స్టేషన్ పేటలో మీవాడికి నలభై ఎక్కువొస్తాయి. ఎగురు. వాగు అవతలి పెట్టెలు రానీ, అప్పుడు చూద్దాం."

స్టేషన్ పేటలో ఇంజినీర్‌కి నలభై ఒక్క ఓట్ల ఆధిక్యం అంది రేడియో.

ఎల్బియో మీసం దువ్వుకున్నాడు. కాగితం లేదు, పెన్సిల్ లేదు. ఏ పేటలో ఎన్నో వాటంతటవే నాలుక మీదికి వచ్చేస్తున్నాయి. టీవీల్లో టై బిగించుకుని రంగు పటాలు చూపించే పండితులకి, పాపం, ఇలాంటి బుర్ర లేకే అంత అవస్థ.

పెట్టె వెనక పెట్టె. ఇంజినీరే ముందున్నాడు. అడెమార్ కాళ్లు బార్లా చాపాడు.

"మీ డాక్టర్‌ని గొర్రెల దగ్గరికి పొమ్మను. అవైతే ఓటడగవు."

ఎల్బియో కుర్చీ రేడియో దగ్గరికి జరుపుకున్నాడు. చెప్పింది తప్పితే రేపట్నుంచి తన మాట ఎవరు వింటారు? జుల్మా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడొచ్చాయి వాగు అవతలి పెట్టెలు. రేడియోవాడు గుక్క తిప్పుకోకుండా చదివాడు. డాక్టర్ లారోసా నూటపన్నెండు ఓట్లతో గెలిచాడు.

అడెమార్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"దొంగ లెక్కలు. వాగు అవతల గొర్రెలు కూడా ఓటేసినట్టున్నాయి."

"కిటికీ అటుంది," అన్నాడు ఎల్బియో.

అడెమార్ గొణుక్కుంటూ లేచి కిటికీ తెరిచాడు. చలిగాలి లోపలికి కొట్టింది. గొంతు సవరించుకుని, ఒక్క చరణం తప్పకుండా పాట మొత్తం పాడాడు. ఎదురింటి ఆవిడ ఆరేసిన బట్టలు తీసుకుంటూ అతనికి చెయ్యూపింది.

"మా పాట నీకింత బాగా ఎలా వచ్చురా?"

"శత్రువు సంగతి తెలుసుకోవద్దూ?"

"అవునూ, వీధిలో కార్ల హారన్లేవీ? మావాళ్ల ఊరేగింపేదీ?"

"మీవాడు గెలుస్తాడని మీవాళ్లే అనుకోలేదు. తేరుకోనియ్ పాపం."

ఎల్బియో కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఈమధ్య అతను ఇంతగా నవ్వింది లేదు. నవ్వి నవ్వి, కుర్చీలోనే కునికాడు. జుల్మా దుప్పటి కప్పింది.

అడెమార్ టోపీ దులుపుకుని, చప్పుడు కాకుండా కోటు తొడుక్కున్నాడు.

"గొంతు బొంగురుపోయింది. వేడిగా ఏదైనా తాగి పడుకో అన్నయ్యా," అంది జుల్మా గుమ్మం దాకా వచ్చి.

అతను వెళ్లాక ఆమె, ఇరవై రెండేళ్ల కిందటి ఆ ఎన్నికల రాత్రి క్యాసెట్‌ని రేడియోలోంచి తీసి, వచ్చే ఆదివారం కోసం మళ్లీ మొదటికి తిప్పిపెట్టింది.