పొగ కాగితం

“ఎనభై ఎనిమిది,” అన్నాడు హుసేనప్ప, మిషను మీంచి తల ఎత్తకుండానే. “అరవై ఐదు దాటొద్దు. ఆగల్ల.”

దేవసూగూరు రోడ్డులో పెట్రోలు బంకు పక్కన అతని పొగ పరీక్ష గది. కన్నడంలో కుదరదని చెప్పాడంటే ఇక ఆ నోట వేరే మాట రాదు. కిష్టయ్య జీపు ఆపాడు. ఇంజను ఆగినా నల్లటి పొగ కాసేపు అక్కడే నిలబడింది.

“మల్ల ఒకసారి చూడు.”

“పొద్దటి సంది మూడుసార్లు చూసిన, కిష్టన్నా. ఐదింటికి బంద్ చేస్త. అంతల బాగు చేపిచ్చుకొని రా. లేకుంటే లేదు.”

కిష్టయ్య జీపును రోడ్డు దాటించి తిరుమలేశ్ షెడ్డుకు తోలాడు. థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద చెరువు దగ్గరికి కూలీలను దింపే జీపు అది. రేపటి నుంచి పొగ కాగితం లేని బండిని గేటు లోపలికి రానివ్వరు. కాంట్రాక్టరు వేరే బండి పెట్టుకుంటాడు. ఇరవై ఏళ్ల జీపును ఇంకెవరూ బాడుగకు పిలవరు. తూకానికి వేయాల్సిందే.

“ఏమైందన్నా?” అన్నాడు తిరుమలేశ్.

“నువ్వు చేసిన రిపేరే అయింది.”

తిరుమలేశ్ బానెట్ ఎత్తాడు. పొద్దున నాజిళ్లు మార్చాడు. ఫిల్టర్ దులిపితే దోసెడు బూడిద రాలింది. ఇప్పుడు ఈజీఆర్ వాల్వు విప్పాడు. కాలిన పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే వాల్వు అది. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే పొగ నల్లగా వస్తుంది.

కిష్టయ్య స్టూలు మీద కూర్చుని దగ్గాడు. దగ్గు వచ్చిందంటే మిగతావన్నీ ఆపి దానికి దారి ఇవ్వాలి.

“ఆ బూడిద పని మానెయ్ రాదా అన్నా? యరగేరల నీ రెండెకరాలు ఉండనే ఉన్నయి. వదిన రోజూ చెప్తుండె.”

“చెప్పి చెప్పి ఆమె పోయింది. ఇప్పుడు నువ్వు అందుకున్నవా? వాల్వు చూడు.”

భార్య బసమ్మ పోయి నెల. జ్వరమని పడుకుంది, మూడో రోజు లేవలేదు. పదకొండో రోజు కాగానే కిష్టయ్య జీపెక్కాడు. ఇంట్లో కూర్చుంటే ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు.

తిరుమలేశ్ వాల్వు కడిగి బిగించాడు. స్టార్ట్ చేస్తే అదే పొగ.

“దసరా సంది గిట్లనే ఉంది,” అన్నాడు కిష్టయ్య. “ఆయుధ పూజకు ఈడనే కడిగిపిచ్చి ఈడనే టెంకాయ కొట్టిస్తిమి. తెల్లారి సంది పొగ. నీ చేతులనే ఏదో శని ఉంది.”

“ఉండొచ్చు.”

“ఉండొచ్చు అంటవేంది? పని రాకపోతే షెడ్డు ఎత్తేసి మిరపకాయ బజ్జీల బండి పెట్టుకో. పొగన్న మంచి వాసన వస్తది.”

వేరే రోజైతే తిరుమలేశ్ మాటకు మాట అనేవాడు. ఇవాళ పానా తుడిచి పెట్టెలో పెట్టాడు.

“నాతోని కాదన్నా. విడిచిపెట్టు.”

“విడిచిపెట్టి?”

“జీపు అమ్మెయ్.”

టైం నాలుగున్నర. కిష్టయ్య లేచి తనే ఇంజను మీదికి వంగాడు.

“స్టార్ట్ చేసి రేజ్ ఇయ్యి.”

తిరుమలేశ్ కదల్లేదు.

“ఇయ్యమంటున్న గద!”

ఇచ్చాడు. అప్పుడు కనిపించింది. ఫిల్టర్ డబ్బాకు గాలి తెచ్చే రబ్బరు గొట్టం, ఇంజను రొద పెరిగినప్పుడల్లా బుగ్గలు పీల్చుకున్నట్టు లోపలికి నొక్కుకుపోతోంది. ఎక్కడో ఏదో అడ్డం పడింది. ఇంజనుకు గాలి అందడం లేదు.

“పొద్దటి సంది ఇంజనంత విప్పితివి. దీని మీద చెయ్యి పడలేదా నీది?”

తిరుమలేశ్ ఇంజను ఆపి, దిగి, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

కిష్టయ్యే స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. జీపంతా తుప్పు. గొట్టం చివర క్లిప్పు మాత్రం కొత్తగా మెరుస్తోంది. విప్పి, రెండు వేళ్లు లోపలికి పెట్టి లాగితే గుడ్డ వచ్చింది. బూడిద పట్టి బరువెక్కిన గుడ్డ. దులిపాడు. ఆకుపచ్చ చీర ముక్క, ఎర్ర అంచు.

బసమ్మ పాత చీర. దసరా నాడు జీపు తుడవడానికి ఇంటి నుంచి తెచ్చింది. మరిచిపోయి వదిలేసిన గుడ్డ కాదు. నాలుగు మడతలు పెట్టి, గట్టిగా చుట్టి, దారం కట్టిన గుడ్డ.

కిష్టయ్యకు అర్థమైంది.

“బూడిదకు పోవద్దంటే నేను వినలేదని బండి గొంతు మూసింది,” అన్నాడు. “పోయి కూడ నన్ను సాధిస్తుంది.”

గొట్టం బిగించి స్టార్ట్ చేశాడు. పొగ పలచబడింది. కాసేపటికి కంటికి ఆనకుండా పోయింది. రోడ్డుకు అవతల హుసేనప్ప గది తెరిచే ఉంది. ఇంకా పావుగంట ఉంది.

బానెట్ వేయబోయి కిష్టయ్య ఆగాడు. కొత్త క్లిప్పు మీద వేలు పెట్టాడు.

“తిరుమలేశూ, బసమ్మకు బానెట్ ఎత్తుడే రాదు. స్క్రూడ్రైవర్ ఎట్ల పట్టాల్నో తెల్వదు. ఇది ఎట్ల బిగిచ్చింది?”

తిరుమలేశ్ నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“గుడ్డ ఇచ్చి పోయింది వదిన. కుక్కింది నేనే, అన్నా.”