వార్డులో క్రాషైన పూట

“సిస్టర్, తెరంతా నల్లగా అయిపోయింది!”

కొత్త నర్సు ఎన్ని బటన్లు నొక్కినా కంప్యూటర్ పలకలేదు. వార్డులో ఎవరికి ఏ మందు వేయాలో, ఎవరికి ఏది పడదో, అంతా అందులోనే ఉంది. పైగా ఈ రోజుతో ఆమె శిక్షణ ముగుస్తుంది. ఉద్యోగంలో ఉంచాలో ఇంటికి పంపాలో తేల్చవలసింది పెద్ద సిస్టరే.

“క్రాషైందా? ఖర్మ!” పెద్ద సిస్టర్ దేవుణ్ణి తలుచుకుని కుర్చీలో కూలబడింది.

కాలికి కట్టుతో పడుకున్న లారీ డ్రైవరు నవ్వాడు. “నాది బండి క్రాషు. పక్కాయనకి షేర్లు క్రాషై గుండె పట్టేసింది. ఇప్పుడు మీ కంప్యూటరు కూడానా తల్లీ? దానికీ ఓ మంచం వెయ్యండి!”

కొత్త నర్సుకు నవ్వు రాలేదు. “ఈయన సూది వేళైంది సిస్టర్. ఏ మందు?”

పెద్ద సిస్టర్ ట్రేలోంచి ఓ సీసా తీసిచ్చింది. “ఇదే. నాకు గుర్తుంది, వేసెయ్.”

నర్సు మంచం దగ్గర ఆగింది. పెద్ద సిస్టర్ తొందరపెడుతున్నట్టు వెనకాలే వచ్చి నిలబడింది.

“బాబాయ్, ఈ మందు మీకు ఎప్పుడైనా వేశారా?”

“ఆ పేర్లకి నా నోరు తిరుగుతుందా! మీ పిన్నినడుగు.”

నర్సు వరండాలోకి వెళ్లి అడిగింది. అక్కడున్న డ్రైవరు భార్య మందు పేరు వినగానే లేచి నిలబడింది. “అయ్యో, అదొద్దమ్మా! పోయినసారి అది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. చేర్చిన రోజే చెప్పాం కదా!”

నర్సు తిరిగొచ్చి సీసా బల్ల మీద పెట్టేసింది. “ఇది వెయ్యను సిస్టర్.”

“ఆవిడ కంగారులో ఏదో అంటే నమ్మేస్తావా? నా మాటకే ఎదురా? నీ ఉద్యోగం నా చేతిలో ఉంది, మరిచిపోకు.”

“ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. ఆయన ఊపిరి పోతే ఎక్కడ వెతకను? డాక్టరు గారిని అడిగొస్తాను.”

ఆమె నోట అంత గట్టి మాట ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. ఆమె డాక్టరు గదివైపు పరుగెత్తింది.

“బంగారు తల్లి,” అన్నాడు డ్రైవరు, ఈసారి నవ్వకుండా.

పెద్ద సిస్టర్ కళ్లు తుడుచుకుని, ఫోనెత్తి కంప్యూటర్ల గదికి కలిపింది.

“పిల్ల పరీక్షలో నెగ్గింది నాయనా, ఇక స్విచ్ వేసెయ్.”