అడ్డం పెట్టిన వేలు

“తడిబట్ట పెడితే దుమ్ముతో పాటు మిషను గూడా పోతాది. కింద పెట్టప్పా!”

దేవపాలు ఉలిక్కిపడ్డాడు.

అరిచింది అప్పుడే పాస్‌పోర్టు ఫొటో దిగిన కొత్త మనిషి. వయసు మళ్లినవాడు. భుజాన సంచి, కుడిచెయ్యి లాల్చీ జేబులో. దేవపాలు ఆయన ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించాడో లేదో, తెర నిండా గీతలొచ్చి మిషను కాస్తా ఆగిపోయింది. మూత తీసి చూస్తే లోపల మెత్త పరిచినట్టు దుమ్ము. నాపరాళ్ల లారీలు తిరిగే జమ్మలమడుగు రోడ్డు పక్కన స్టూడియో పెట్టుకుంటే దుమ్ము రాక పన్నీరు వస్తుందా!

దుమ్ము సంగతి అటుంచితే, ఆ మిషనులోనే ఊరి నాయకుడి కూతురి పెళ్లి వీడియో ఉంది. సాయంత్రానికి సీడీ ఇవ్వాలి. ఆ నాయకుడి మనుషులు జీపులో అప్పుడే ఒకసారి వచ్చి అడిగి పోయారు. దేవపాలు తండ్రిని చంపినవాళ్లు పోయిన నెలలోనే జైలు నుంచి బయటికొచ్చారు. ఆ నాయకుడి అండ గనక తప్పితే తల్లికీ కొడుకుకీ కంటిమీద కునుకుండదు.

“నీకు తెలుసా ఈ పని?”

“బెంగళూరులో నాకు కూడు పెట్టిందే ఇది. ప్లగ్గు పీకు. పీకినాక బటను ఒకతూరి నొక్కు, లోపల మిగిలిన కరెంటు గూడా పోతాది. ఇనప డబ్బాను ముట్టుకో, నీ ఒంట్లోది గూడా దిగిపోతాది. ఇప్పుడు తెరకు బొమ్మలు పంపే ఆ కార్డు విప్పు. అంచు పట్టుకోవల్ల. కింద మెరిసే గీతల మీద చెయ్యి పడగూడదు.”

“అన్నీ నాకే చెప్తాండావే. నువ్వు ముట్టుకోవా?”

“కూచోని చెప్పేదాంట్లో ఉండే సుఖం యాడుండాదప్పా!” అని నవ్వాడు.

దేవపాలుకు ఒళ్లు మండింది. అయినా విప్పాడు. చెప్పినట్టే పొడి బ్రష్షుతో మెల్లగా దులిపాడు. నోటితో ఊదబోతే కొత్త మనిషి మళ్లీ అరిచాడు. తుంపర పడుతుందట. కెమెరా అద్దానికి గాలి కొట్టే రబ్బరు బుడ్డి తెచ్చుకోమన్నాడు.

ఇన్ని చెబుతున్నా ఆయన కళ్లు గోడ మీది ఫొటోను వదలటం లేదు.

“మీ నాయనా?”

“ఊఁ. యోబు. బోర్డు మీద పేరు ఆయప్పదే. ఓట్లనాడు బూతుకాడ నరికినారు. నేను అప్పుడు ఉయ్యాల్లో ఉన్నా.”

“బోర్డు చూసే బస్సు దిగినా. మీ అమ్మ బాగుండాదా? ఈడికొస్తాదా?”

దేవపాలు చేతిలో బ్రష్షు ఆగింది.

“మా యమ్మతో నీకేం పని? నువ్వు ఎవురి మనిషివి?”

“ఎవురి మనిషినీ కాదు లేప్పా. ఊరిడిసిపెట్టి శానా దినాలాయ.”

“పేరేంది?”

“పేరుతో ఏం పనిలే. గాలి కొట్టు.”

దేవపాలుకు జైలు నుంచి వచ్చినవాళ్లు గుర్తొచ్చారు. గాభరాలో బుడ్డి గట్టిగా నొక్కాడు. కార్డు మీది చిన్న ఫ్యాను గిర్రున తిరిగింది.

“తిరగనీయద్దు, కార్డు చెడిపోతాది! వేలు అడ్డం పెట్టు!”

అంటూనే తానే జేబులోంచి కుడిచెయ్యి తీసి అడ్డం పెట్టేశాడు.

చిటికెన వేలు. ఆ చేతికి అదీ బొటనవేలూ తప్ప మిగిలినవి లేవు.

ఈ సీమలో వేళ్లు లేని చెయ్యి కనబడితే ఎలా పోయాయని ఎవరూ అడగరు. బాంబు చుట్టేటప్పుడు పేలితే అలాగే పోతాయి. పసిపిల్లలకైనా తెలుసు.

“లెయ్! బయటికి పో!”

“ఏందప్పా...”

“బాంబులు చుట్టే నా కొడుకువి, మా యమ్మ సంగతి అడుగుతావా? జీపోళ్లను పిలిచే లోపల పో!”

కొత్త మనిషి తన చేతి వంక చూసుకున్నాడు. గోడ మీది ఫొటో వంక చూశాడు. చెయ్యి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

“కార్డు గట్టిగా కూర్చోబెట్టు. ఫ్యాను తిరుగుతాందో లేదో చూసినాకనే మూత వెయ్యి,” అని మెట్లు దిగాడు.

ఆయన ప్రొద్దుటూరు బస్సు ఎక్కేదాకా దేవపాలు వాకిట్లోనే నిలబడ్డాడు. బస్సు కనుమరుగయ్యాక లోపలికొచ్చాడు. అమ్మ ప్రార్థన ఊరికే పోలేదనుకున్నాడు. కొడుక్కీ, ఎవరో దాసన్నకీ ఏ అపాయమూ రానీయొద్దని ఆమె రోజూ మోకరిస్తుంది. ఆ దాసన్న ఎవరో అడిగే తీరిక దేవపాలుకు ఏనాడూ దొరకలేదు.

కార్డు బిగించి ప్లగ్గు పెట్టాడు. ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. తెర మీద ఒక్క గీత లేదు. హమ్మయ్య! ముందు జీపోళ్లకు చూపిద్దామని ఆ వేళ్లు లేనివాడి ఫొటో తెరిచాడు.

అప్పుడే తల్లి ఎలిజబెత్ అన్నం క్యారియరుతో వచ్చింది. తెర వంక చూసి అక్కడే నిలబడిపోయింది.

“ఈయన్న యాడరా? యాడుండాడు?”

“తరిమేసినా మా. నీ సంగతి అడుగుతాండాడు. బాంబులోడు, చేతికి వేళ్లు లేవు.”

ఎలిజబెత్ క్యారియరు కింద పెట్టింది. తెర మీది మొహాన్ని తడిమింది.

“ఊరంతా నోరు మూసుకుంటే, మీ నాయన్ను చంపింది వీళ్లేనని కోర్టులో మా దాసన్న చూపిచ్చింది ఆ వేళ్లతోనేరా... అందుకే నరికినారు.”