తల్పు తియ్యే

“క్షమించండి. మీ మాట నాకు అర్థం కాలేదు,” అంది మొగిలమ్మ చేతిలోని ఫోను, ఆరోసారి.

కాగితాల మీద సంతకం పెట్టి వచ్చేలోగా, షోరూం ముందు ఎండలో ఆమె కొత్త కరెంటు కారు తాళం పడిపోయి ఉంది. తాళం తీసే కార్డు లోపల సీటు మీదే ఉండిపోయింది. వెనక సీట్లో ఆమె రోజూ వండిపెట్టే నలభై మంది హమాలీల అన్నం, పప్పు, చల్ల. ఒంటిగంటకల్లా అవి ఎనుమాముల మార్కెట్లో ఉండాలి. యాప్‌లో బటన్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. ఇక మిగిలింది నోటితో చెప్పడమే.

“తల్పు తియ్యే!” అంది మళ్లీ.

“క్షమించండి...”

“నీ క్షమించుడు పాడుగాను!”

మేనేజర్ ఓంప్రకాశ్ కాఫీ కప్పుతో బయటికి వచ్చాడు. “తల్పు కాదమ్మా, తలుపు. తియ్యే కాదు, తెరువుము. మా యాప్‌కు మంచి తెలుగే తెలుసు. మీరు మాట్లాడేది ఏ భాషో పాపం దానికేం తెలుస్తుంది?”

స్టాఫ్ కిసుక్కుమన్నారు. కారు చూడ్డానికొచ్చిన వాళ్లూ నవ్వారు. దాంతో అతనికి హుషారు పుట్టింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, మొగిలమ్మ గొంతుతోనే “తల్పు తియ్యే!” అని చేసి చూపించాడు.

“నవ్వుడు తర్వాత సారూ. అక్కడ మనుషులు ఆకలితోటి ఎదురుచూస్తాన్రు. జర మీరే చెప్పుండ్రి దానికి.”

“నేను చెప్తే క్షణంలో పని. కానీ రేపు మళ్లీ వస్తారుగా? నేర్చుకోండి. ఏదీ, అనండి. త... లు... పు.”

యాభై రెండేళ్ల మొగిలమ్మ పదిమందిలో ఒకటో తరగతి పిల్లలా నిలబడి అంది. మొదటిసారి తప్పు, రెండోసారి తప్పు. పదకొండోసారికి కారు టక్కుమంది. ఆమె మొహం సిగ్గుతో మండిపోయింది.

“ఇవన్నీ మాన్యువల్లో ఉంటాయమ్మా. చదవలేదా?” అన్నాడు ఓంప్రకాశ్, వెనక నుంచి. “చదువు రాకపోతే ఎవరితోనైనా చదివించుకోండి.”

ఆమె మార్కెట్‌కు చేరేసరికి హమాలీలు ఖాళీ కడుపులతోనే మళ్లీ మిర్చి బస్తాల కిందికి వెళ్లిపోయారు. సారయ్య అనే ముసలి హమాలీ బస్తాతో సహా కూలబడ్డాడని విన్నాక మొగిలమ్మకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఆమె చల్లారనివ్వలేదు.

ఆ సాయంత్రమే కోడలు రమ్య ముందు మాన్యువల్ పెట్టింది. “సదువు బిడ్డా. ఒక్క అక్షరం ఇడిసిపెట్టకు.”

మూడు సాయంత్రాలు చదివించుకుంది. అరవై రెండో పేజీలో రమ్య ఆగింది. “అత్తమ్మా, మనకిష్టమైన మాట రికార్డు చేసుకోవచ్చట. అప్పుడు పాత మాట పనిచెయ్యదట.”

“చెయ్యి మరి. ఆ పక్క పేజీ గూడ సదువు.”

తర్వాత కంపెనీకి ఫిర్యాదు పెట్టించింది. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం ఓంప్రకాశ్ మార్కెట్‌కు పరుగెత్తుకొచ్చాడు. ఫిర్యాదు మూసెయ్యాలంటే ఆమె ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి మరి. హమాలీలు చెట్టు కింద వరసగా కూర్చుని తింటున్నారు.

“ఓటీపీ ఎక్కడికి పోతది సారూ? ముందు లోపల కూసొని ఆ స్క్రీను చూడుండ్రి. ఏందో ఎర్రగ వస్తాంది.”

అతను ఎక్కి తలుపు వేసుకున్నాడు. మొగిలమ్మ బయట నిలబడి ఫోను మీద వేలు పెట్టింది. టక్.

ఓంప్రకాశ్ పిడి ఒక్కసారి గుంజాడు. రాలేదు. బటన్లన్నీ నొక్కాడు. స్క్రీను నల్లగా ఉంది. అద్దం మాత్రం పైన వేలెడు సందు వదిలి ఉంది. ఆ సందు దగ్గరికి మూతి చేర్చి, “తలుపు తీయండమ్మా!” అన్నాడు.

“నాకు తెలుగు రాదు గద సారూ. మీరే చెప్పుండ్రి,” అని ఆమె ఫోనును సందు దగ్గర పట్టుకుంది.

“తలుపు తెరువుము.”

“క్షమించండి. మీ మాట నాకు అర్థం కాలేదు.”

హమాలీలు ముద్దలు ఆపి చూశారు. ఎవరో నవ్వారు. తర్వాత నలభై మందీ నవ్వారు.

“తలుపు తెరువుము! తలుపును తెరువుము!”

“క్షమించండి...”

“ఒత్తి పలుకుండ్రి సారూ. పదకొండుసార్లంటే వస్తది, నాకట్లనే వచ్చింది.”

చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కళ్లలోకి చెమట కారింది. అతను రెండు చేతులతో అద్దాన్ని బాదాడు.

“అవు గని, మీది ఏ ఊరు సారూ?” అంది మొగిలమ్మ తీరిగ్గా.

“మాది ఈ పక్క కేసముద్రమేనే అక్కా! నీ కాళ్లు మొక్కుత, పానం పోతాంది! తల్పు తియ్యే!”

“సరే. తలుపు తెరుస్తున్నాను,” అంది ఫోను మర్యాదగా. టక్.

ఓంప్రకాశ్ బయటపడి, బానెట్ పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. నవ్వులు ఆగేదాకా తలెత్తలేదు. ఎత్తాక అరిచాడు. “ఇంకో ఐదు నిమిషాలైతే లోపలే చచ్చిపోయేవాణ్ణి! పోలీస్ కేసు పెడతా!”

మొగిలమ్మ అతని చేతికి చల్ల గ్లాసు అందించింది.

“సచ్చుడెందుకు సారూ? లోపలి పిడి రెండుసార్లు గుంజితే తల్పు దానంతటదే వస్తది. అరవై మూడో పేజీల ఉన్నది. మాన్యువల్ సదవలేదా?”