ఒక్క టిక్కు

"గొంతేదమ్మా?"

విచారణాధికారి కేక గది దాటి వినిపించింది.

బల్లమీది స్పీకరు పెట్టెలోంచి ఆస్పత్రి వార్డు మోగుతోంది. ఫ్యాను కిర్రుమంటోంది. ఎక్కడో గిన్నె కింద పడింది. చక్రాల బండి గడగడా వెళ్లింది.

మనిషి మాట మాత్రం లేదు.

"ఉంది సార్!" స్పీకరుకు తగిలించిన పాటల ప్లేయరును అమ్మాయి ఎత్తి చూపింది. "పొద్దున కూడా చెవుల్లో పెట్టుకుని విన్నాను. పోయేముందు మా నాన్న అంతా ఇందులోనే చెప్పాడు. తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు ఎవరివల్ల కదిలిందో..."

"మీ నోటితో వద్దు. ఆయన నోటితో కావాలి. అదీ మా ముగ్గురం కలిసి వినాలి."

"విన్నాంగా," అన్నాడు పక్క సభ్యుడు. "ఫ్యాను కచేరీ!"

నెల కిందట గోదాములో సరుకుల లిఫ్టు ఇద్దరు కూలీలను మింగింది. మూడోనాడు ఆ దెబ్బలతోనే ఆస్పత్రిలో లిఫ్టు నడిపేవాడూ, ఈ అమ్మాయి తండ్రి, పోయాడు. తప్పంతా అతనిదేనని నివేదిక టైపయింది. సంతకమే తరువాయి.

చచ్చినవాడు ఎదురు చెప్పడు. పొద్దుటినుంచీ అధికారిని అదే ముల్లులా గుచ్చుతోంది.

వెనక బెంచీ మీంచి ఒక సన్నటి మనిషి లేచి వచ్చాడు. జేబులోంచి చిన్న టార్చిలైటు తీసి స్పీకరు వెనక పిన్ను గుచ్చిన కన్నంలోకి వెలుగు వేశాడు.

"గొంతెక్కడికీ పోలేదమ్మా. ఈ పిన్నులో రెండు దారులు. రెండింట్లోనూ అదే గొంతు, కానీ ఒకదాంట్లో తలకిందులుగా ఎక్కింది. ఈ పెట్టెలోకొచ్చేసరికి ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. పిన్ను ఒక్క టిక్కు బయటికి లాగు."

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు అధికారి.

"కరెంటు పని చేసుకునేవాణ్ణండీ."

"సాక్షివా?"

అతను టార్చిలైటు ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

"మరి నీకిక్కడేం పని? బయటికి నడు!"

బంట్రోతు భుజం పట్టి నెట్టాడు. "పదవయ్యా. ఉచిత సలహాలకి సందుకొకడు!"

గుమ్మంలో అతను వెనక్కి తిరిగాడు. "ఒక్క టిక్కేనమ్మా. మొత్తం లాగెయ్యకు."

తలుపు మూసుకుంది. అధికారి కలం మూత తీశాడు.

అమ్మాయి స్పీకరు వెనక్కి పరుగెత్తింది.

టిక్.

"...వింటున్నావా తల్లీ?"

గదిలో అందరూ బిగుసుకుపోయారు. ఆయాసపడుతూ చచ్చినవాడి గొంతు.

"తలుపు పడితేగానీ లిఫ్టు కదలకుండా ఒక తీగ ఉంటుంది. దాన్ని తప్పించి, వేరేగా కలిపేశాడు. వద్దురా అన్నాను. 'ఇవాళ్టికి సరుకు దిగనీ అన్నయ్యా, రేపు సరిచేస్తాను' అన్నాడు... ఆ కాంట్రాక్టు మెకానిక్కే. అసలు పేరు నాకూ తెలీదు. జేబులో ఎప్పుడూ చిన్న టార్చిలైటుంటుందని టార్చి అంటాం."

కలం ఆగిపోయింది.

"బయటికి నడు" అన్న తన మాటే అధికారి చెవుల్లో గింగురుమంది. బంట్రోతును పిలవలేదు. తనే లేచి వెళ్లి తలుపు తీశాడు.

వరండా బెంచీ మీద అతను అలాగే కూర్చుని ఉన్నాడు.

"వినబడిందాండీ?"

"వినబడింది."

"నెల్లాళ్లుగా నా నోరు పెగల్లేదండీ. ఆయన గొంతైనా పెగలాలనుకున్నాను." లేచి నిలబడ్డాడు. "రాసుకోండి. ఆ తీగ కలిపిన టార్చి నేనే."