గురప్ప మగ్గం

"తల్లీ, కాస్త గంజి ఉంటే పోస్తావా?"

వీధిలో నిలబడ్డ ముసలాయనకు గంగులమ్మ చెంబెడు గంజి పోసింది. అదే ఆమె చేసిన తప్పు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. పిలవని పేరంటంలా నేరుగా లోపలికొచ్చి గురప్ప పక్కన కూర్చునేవాడు.

గురప్ప ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. నూలుకు కంట్రోలు వచ్చి నగరిలో సగం మగ్గాలు మూలపడితే, ఆమె ఇంట నూలుండీ మగ్గం ఆగింది. రెండు నెలలుగా వాడు మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. తిండి లేదు, నిద్ర లేదు. గోడవైపు తిరిగి పడుకుంటాడు.

సోమరితనమన్నారు కొందరు. గాలి సోకిందన్నారు మిగతావాళ్లు.

తల్లికి రెండో మాటే నచ్చింది. గాలికైతే పుత్తూరు మునస్వామి ఉన్నాడు. వేపమండతో నాలుగు బాదితే మొండి దయ్యమైనా వదలాల్సిందే! బండివాళ్లతో మూడుసార్లు కబురంపి, దారి చూస్తూ కూర్చుంది.

"నాయనా, పొద్దున లేయాలంటే గుండె మీద బండ పెట్టినట్టుండాదా?" అని అడిగాడు ముసలాయన.

"ఉండాది తాతా," అన్నాడు గురప్ప. అన్నాళ్లకు వాడు నోరు విప్పడం అదే మొదటిసారి.

"నీ తప్పు గాదు. ఒంటికి జొరమొచ్చినట్టే మనసుకూ వస్తాది."

ఆ రోజు వాడు రెండు ముద్దలు తిన్నాడు. మునస్వామి పేరు చెబితేనే దయ్యం జడిసిందనుకుని తల్లి మురిసిపోయింది.

పదో రోజు ముసలాయన మెల్లగా అడిగాడు.

"సచ్చిపోదామనిపిస్తాందా, నాయనా?"

గంగులమ్మ విసురుగా ఇద్దరి మధ్యకు వచ్చింది.

"నా ఇంట్లో సావు మాట ఎత్తుతావా! లెయ్, పో!"

"అడిగితే సావరు తల్లీ. వాణ్ణి చెప్పనీ..."

ఆమె చీపురు అందుకుంది. గురప్ప లేచి గడప దాకా వచ్చాడు.

"తాతను పంపొద్దుమా."

"మునస్వామి వస్తాడులేరా, ఆయన సూసుకుంటాడు."

ముసలాయన వెళ్లిపోయిన మూడో రోజు గురప్ప శవాన్ని నలుగురు మోసుకొచ్చారు.

కర్మలు ముగిశాక గంగులమ్మ కడుపుమంటతో పుత్తూరు నడిచింది. మునస్వామి ఇంట్లో ఆయన భార్య నాగులమ్మ ఒక్కతే ఉంది.

"మూడు కబుర్లంపితే రాలేదే నీ మొగుడు! ఆయనొచ్చుంటే నా కొడుకు దక్కేటోడు!"

"నగరి నుంచా?" నాగులమ్మ ముఖం పాలిపోయింది. "మా పిల్లోడికీ ఇట్లే వచ్చెనమ్మా. ఈయనే మండతో బాదినాడు. వాడు పోయినాక మళ్లా మండ ముట్టలేదు. పేరు చెప్తే మండ పట్టమంటారని యాడా పేరు చెప్పడు. కబురొచ్చిన ఇంటికి పోయి ఊరికే పక్కన కూచుంటాడు."

"మా ఇంటికి రాలేదు గదా!" అని ఏడ్చింది గంగులమ్మ.

నాగులమ్మ ఆమె చేతులు పట్టుకుంది.

"వచ్చినాడమ్మా... పది దినాలు నీ కొడుకు పక్కన కూచున్నది ఆయనే."